సముద్రపు తుఫాను, మైదానపు టోర్నడో

ఏ ఉపాధ్యాయుని స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పాటైనదో, ఆయన తీరప్రాంతపు పాఠశాలలో భూగోళశాస్త్రము బోధించుచు, గోడకు వ్రేలాడు ప్రపంచపటము మీద పిల్లలచేత గాలుల త్రోవలను గీయించుచు జీవితమును గడపినవారు. అట్టి వారి పేర జరుగు సభలో గాలిని గూర్చి ప్రసంగించుటకంటె ఉచితమైన పని నాకు వేరొకటి తోచలేదు.

ఓక్లహామా రాష్ట్రమున టోర్నడో ఒక పట్టణపు వీధులను నేలమట్టము చేసినదని ఒకనాడును, ఫ్లోరిడా తీరమును హరికేన్ తాకినదని మరియొకనాడును పత్రికలలో చదివినపుడు, ఈ రెండును ఒకే జాతి పెనుగాలులనియు, వానిలో ఒకటి చిన్నది, మరియొకటి పెద్దది అనియు మనలో పెక్కుమంది భావించుచుందురు. రెండింటను గాలి గిరగిర తిరుగును. రెండింటి నడుమను వాయుభారము పడిపోయి యుండును. రెండును ఇండ్లకప్పులను పెరికి పారవేయును. పోలిక ఇంతటితో సరి. అవి పుట్టు తావు వేరు, తిను తిండి వేరు, బ్రతుకు కాలము వేరు, చంపు తీరు వేరు. ఒకదానికి ప్రాణము పోయు గాలియే రెండవదానికి ప్రాణాంతకమగునంతటి వైరుధ్యము వీని స్వభావములయందు గలదు. ఆ వైరుధ్యమును, అది మనుష్యుల చావుబ్రతుకులను నిర్ణయించు విధమును చెప్పుట నేటి నా ఉద్దేశము. అట్లాంటిక్ సముద్రపు హరికేన్, పశ్చిమ పసిఫిక్ సముద్రపు టైఫూన్, మన బంగాళాఖాతపు తుఫాను ఒక్కటే కనుక, మూడింటిని తుఫాను అనియే పిలిచెదను. వేసవి మధ్యాహ్నము మన పొలములలో ఎండుటాకులను లేపు సుడిగాలితో కలిసిపోకుండుటకై రెండవదానిని టోర్నడో అనియే అందును.

వాతావరణమును ఎరుగగోరువారు మొట్టమొదట వేడిమి లెక్కను చూడవలెను. సూర్యరశ్మి భూమధ్యరేఖా ప్రాంతము మీద నిట్టనిలువుగాను, ధ్రువప్రాంతముల మీద ఏటవాలుగాను పడుటచేత, ఉష్ణమండలము తాను తిరిగి అంతరిక్షమునకు పంపగల దానికంటె అధికమైన వేడిమిని ఏడాది పొడవునను ఆర్జించుచుండగా, ధ్రువమండలములు తమకు వచ్చినదానికంటె ఎక్కువ వ్యయము చేయుచుండును. ఈ మిగులును ఆ కొరతకు చేరవేయుటయే గాలులకును, సముద్రప్రవాహములకును ప్రకృతి ఒప్పగించిన పని. 1735లో జార్జి హాడ్లీ అను ఆంగ్లేయుడు వ్యాపారపవనములకు కారణము చెప్పుచు, ఈ చేరవేతలో భూభ్రమణము గాలులను ప్రక్కకు మరల్చునని ఊహించెను. నూరేండ్ల తరువాత, 1835లో, ఫ్రాన్సు దేశపు కారియోలిస్ తిరుగుచున్న యంత్రములలోని చలనమునకు గణితము కట్టెను. 1856లో విలియం ఫెర్రెల్ అను అమెరికా బడిపంతులు ఆ భావమును వాయుమండలమునకు అన్వయించెను. ఉత్తరార్ధగోళమున కదలు గాలి తన కుడివైపునకును, దక్షిణార్ధగోళమున ఎడమవైపునకును ఒరుగుననియు, సరిగా భూమధ్యరేఖ మీద ఈ ఒరుగుదల శూన్యమనియు వారివలన మనకు తెలిసినది.

ఈ చేరవేతలో రెండు మండలములు మన ప్రస్తుత విషయమునకు ముఖ్యములు. మొదటిది ఉష్ణమండల సముద్రము. అక్కడ వందల మైళ్ళు పోయినను గాలి వెచ్చదనమున చెప్పుకోదగిన తేడా ఉండదు. శక్తియంతయు కాళ్ళక్రింది నీటియందు నిలువయై యుండును. రెండవది మధ్య అక్షాంశముల భూమి. అక్కడ ధ్రువమునుండి దిగు చలిగాలియు, ఉష్ణమండలమునుండి ఎగబ్రాకు వెచ్చనిగాలియు పక్కపక్కన నిలుచును. ఆ వేడి చలువల తారతమ్యము వలననే ఎత్తునకు పోయినకొలది పడమటిగాలి బలిసి, పది కిలోమీటర్ల ఎత్తున జెట్ ప్రవాహమై సాగును. తుఫాను మొదటి మండలపు బిడ్డ; టోర్నడో ముఖ్యముగా రెండవ మండలపు బిడ్డ.

తుఫాను సంగతి మొదట చెప్పుదును. ఏలయన ఆ శాస్త్రపు తొలి పుటలలో మన కోరంగి రేవునకు స్థానమున్నది. గోదావరి పాయ కడలిని చేరుచోట, యానామునకు చేరువను, ఓడలు కట్టుటకును మరమ్మతులకును పేరుపొందిన కోరంగిని 1789 డిసెంబరులో ఒక తుఫాను కొట్టెను. ఒకదాని వెంట నొకటిగా మూడు మహాతరంగములు లేచి ఊరిని ముంచినవి; రేవునందలి ఓడలు మైదానము మీదికి కొట్టుకొనిపోయినవి; సుమారు 20,000 మంది మరణించిరని నాటి వృత్తాంతములు తెలుపుచున్నవి. 1839 నవంబరులో మరియొక ఉప్పెన అదే రేవును మరల ముంచివేసెను. ఒకనాడు సముద్రవర్తకమునకు కేంద్రమైన కోరంగి పేరు నేడు మడ అడవుల వలననే ఎక్కువగా వినవచ్చుచున్నది.

ఈ కోరంగి వృత్తాంతమును లోకమునకు తెలిపినవారిలో ముఖ్యుడు హెన్రీ పిడింగ్టన్. ఓడ నడపిన అనుభవముతో కలకత్తాలో స్థిరపడి, బంగాళాఖాతమున తుఫానులకు చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకములను ఒక్కొక్కటిగా తెప్పించుకొని, ఏ గంటకు ఏ ఓడ ఎచ్చట ఉన్నది, దానికి గాలి ఏ దిక్కున తగిలినది అని పోల్చి చూచి, తుఫాను సరళరేఖలో వీచు పెనుగాలి కాక ఒక కేంద్రము చుట్టును తిరుగు వలయమని నిరూపించుచు ఆయన ఏండ్ల తరబడి వ్యాసములు ప్రకటించెను. 1848లో నావికులకై వ్రాసిన గ్రంథమున దీనికి సైక్లోన్ అని పేరుపెట్టి, సముద్రపటము మీద పరచి చూచుకొనుటకు గాలి దిక్కులు గీసిన పారదర్శకమైన పలకలను పుస్తకముతోపాటు ఇచ్చెను. ఆయన పట్టుదల ఇంతటితో ఆగలేదు. కలకత్తాకు ఆగ్నేయమున మాతలా నది ఒడ్డున కొత్త రేవును కట్టదలచినపుడు, ఒకనాడు ఉప్పెన వచ్చి దానిని ముంచితీరునని 1853లో గవర్నరు జనరలు డల్‌హౌసీకి బహిరంగలేఖ వ్రాసెను. రేవు కట్టుట ఆగలేదు. 1867లో తుఫాను వచ్చి దానిని పాడుచేసెను. పిడింగ్టన్ అప్పటికి తొమ్మిదేండ్ల క్రిందటనే మరణించి యుండెను. హెచ్చరిక ఉండియు వినువారు లేకపోవుటను గూర్చి ఈ ఉపన్యాసములో మరల ప్రస్తావింపవలసి వచ్చును. ఆ చరిత్ర మన తీరమున మాతలా ఒడ్డుననే ఆరంభమైనదని నా అభిప్రాయము.

తుఫాను తిరుగుననుటకు తొలి ఆధారము మాత్రము నేలమీదనే దొరకినది. 1821 సెప్టెంబరులో అమెరికా ఈశాన్య రాష్ట్రముల మీదుగా ఒక తుఫాను పోయిన పిమ్మట, జీనులు కుట్టు వృత్తిలో పెరిగిన విలియం రెడ్‌ఫీల్డ్ అనునతడు కనెక్టికట్ ప్రాంతమున ప్రయాణము చేయుచు, ఒకచోట చెట్లు వాయవ్యమునకు తలలు పెట్టి కూలియుండుటయు, మరికొంత దూరము పోవగా అవే జాతి చెట్లు ఆగ్నేయమునకు కూలియుండుటయు కనుగొని, ఆ వైపరీత్యమునకు గాలి సుడియే కారణమని గ్రహించెను. పదేండ్లకు, 1831లో, ఆ సంగతిని ప్రకటించెను. కూలిన చెట్టు గాలికి సాక్ష్యము పలుకునన్న ఈ పద్ధతి టోర్నడోల చరిత్రలో మరల కనబడును.

ఇక తుఫాను బ్రతుకు. సముద్రజలము పైపొరలు సుమారు 26.5 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వెచ్చదనమును పదుల మీటర్ల లోతువరకు కలిగి యుండవలెను; లేనిచో గాలి నీటిని కలచినపుడు అడుగు చల్లదనము పైకి వచ్చి తుఫాను తన పొయ్యిని తానే ఆర్పుకొనును. భూమధ్యరేఖకు మిక్కిలి దగ్గరగా ఉండరాదు. అయిదు డిగ్రీల లోపల భూభ్రమణపు ఒరుగుదల చాలనందున లోపలికి వచ్చు గాలి సుడిచుట్టక అల్పపీడనమును పూడ్చివేయును. నడిమి ఎత్తుల గాలి తేమగా ఉండవలెను. ఇన్నియు కుదిరినపుడు, ఏదో ఒక మేఘసమూహము చుట్టు గాలులు నీటిమీద రాచుకొనుచు ఆవిరిని గ్రహించి కేంద్రమునకు చేరి పైకెగయును. ఆవిరి మేఘముగా మారునపుడు తనలో దాచుకొన్న గుప్తోష్ణమును విడుచును. ఆ వేడిమికి కేంద్రస్తంభము వెచ్చబడి క్రింద వాయుభారము ఇంకను తగ్గును. గాలి ఇంకను విసురుగా వచ్చి ఇంకను ఎక్కువ ఆవిరిని తెచ్చును. ఈ చక్రము పూర్తిగా పట్టుకొన్నపుడు నడుమ ముప్పది మొదలు అరువది కిలోమీటర్ల వరకు వెడల్పుగల నిర్మలమైన కన్ను తెరచుకొనును. అందు గాలి మెల్లగా క్రిందికి దిగుచుండును. దాని చుట్టు గోడయందు గాలి పరమవేగముతో తిరుగుచుండును. 1979 అక్టోబరులో పసిఫిక్ సముద్రమున టిప్ అను తుఫాను కేంద్రమున వాయుభారము 870 మిల్లీబార్లకు దిగెను. దాని గాలుల మేర వ్యాసము సుమారు 2,220 కిలోమీటర్లు. 2023లో ఫ్రెడ్డీ అను తుఫాను ఆస్ట్రేలియా వైపున పుట్టి, హిందూమహాసముద్రమును ఆసాంతము దాటి, మొజాంబిక్‌ను తాకి, తగ్గుచు హెచ్చుచు 36 దినములు జీవించెను. సముద్రము తుఫానునకు తల్లిపాలు. నేల మీదికి వచ్చిన కొలదిసేపటికే అది కృశింపసాగును.

ఈ పెరుగుదలకు ప్రబల శత్రువు ఒకటున్నది. క్రింది గాలి ఒక దిక్కునను, పై గాలి మరియొక దిక్కునను బలముగా వీచుచుండినచో, నిటారుగా నిలువవలసిన వెచ్చని స్తంభము వంగి, దాని తలయు మొదలును విడిపోవును. కూడిన వేడిమి చెల్లాచెదరగును. దీనికి ప్రత్యక్ష నిదర్శనము మన బంగాళాఖాతమే. వర్షాకాలమున సముద్రము కావలసినంత వెచ్చగాను, గాలి కావలసినంత తేమగాను ఉండియు, భయంకరమైన తుఫానులు ఏప్రిల్, మే నెలలలోను, మరల అక్టోబరు మొదలు డిసెంబరు వరకును మాత్రమే ఏల వచ్చును? జూలై, ఆగస్టు మాసములలో క్రింద నైరుతి గాలి ప్రబలముగా వీచుచుండగా, పైన పదునాలుగు, పదునైదు కిలోమీటర్ల ఎత్తున తూర్పునుండి ఒక మహావేగవంతమైన జెట్ ప్రవాహము సాగుచుండుట అందులకు ప్రధానకారణము. ఉష్ణమండలపు ఈ తూర్పు జెట్ ప్రవాహమును కనుగొని 1958లో సవిస్తరముగ వర్ణించిన శాస్త్రజ్ఞుడు మన తెలుగువారైన పి. కోటేశ్వరం గారు. 1969 మొదలు 1975 వరకు ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉండిరి. ప్రపంచ వాతావరణ శాస్త్రగ్రంథములలో నిలిచిన ఇంతటి ఆవిష్కర్త పేరు మన పాఠ్యపుస్తకములలో అరుదుగా కనబడుట నాకు బాధ కలిగించు విషయము.

ఇప్పుడు అమెరికా మధ్యభాగపు మైదానమునకు పోదము. టెక్సస్ మొదలు నెబ్రాస్కా వరకు పరచుకొన్న ఆ సమతలమునకు దక్షిణమున మెక్సికో సింధుశాఖ, పడమట రాకీ పర్వతములు, నైరుతిని ఎత్తైన ఎడారి పీఠభూములు ఉన్నవి; ఉత్తరమున కెనడా చలిగాలిని అడ్డగించు కొండ ఒక్కటియు లేదు. వసంతకాలమున సింధుశాఖనుండి వెచ్చని తేమగాలి నేలబారుగా వచ్చును. పీఠభూమిమీదినుండి పొడి వేడిగాలి దానిపై మూతవలె కమ్మి కొంతసేపు దానిని ఎగయనీయక అణచి పెట్టును. ఇంకను పైన జెట్ ప్రవాహము పడమటినుండి ఉరకలు వేయుచుండును. మధ్యాహ్నపు ఎండకు మూత పగిలినప్పుడు, అంతవరకు అణగియున్న శక్తి ఒక్క పెట్టున పైకి ఎగసి గంట గడువకమున్నే ఆకాశమంటు ఉరుముల మేఘమగును. ఇంతవరకు చెప్పినది వడగండ్లవానకు చాలును. టోర్నడోకు ఇంకొకటి కావలెను. అది తుఫానును చంపునని చెప్పిన ఆ గాలి భేదమే. నేలవద్ద దక్షిణముగాలి మెల్లగాను, ఎత్తున పడమటిగాలి వేగముగాను ఉన్నపుడు, దీపమునకు వత్తి చేయునపుడు రెండు అరచేతుల నడుమ దూది దొర్లినట్లు, ఆ రెండింటి మధ్యనున్న గాలి నేలకు అడ్డముగా దొర్లుచుండును. ఎగయు మేఘపుగాలి ఈ అడ్డపు సుడిని నిలువునకు ఎత్తి తనలో కలుపుకొనును. అప్పుడు మేఘము మేఘమంతయు మెల్లగా తిరుగనారంభించును. 1959లో ఇంగ్లండున వోకింగ్‌హాం ప్రాంతపు వడగండ్లవానను రాడారుతో పరిశీలించిన కీత్ బ్రౌనింగ్ ఇట్టి తిరుగు మేఘమునకు సూపర్‌సెల్ అని పేరుపెట్టెను. అది తక్కిన ఉరుముల మేఘములవలె అరగంటకు సమసిపోక, గంటలకొలది సాగును. ఎగయు గాలికిని, వానతో దిగు గాలికిని వేర్వేరు చోట్లు ఏర్పడి ఒకటి మరియొకదానిని చంపకుండుటయే అందులకు హేతువు.

కిలోమీటర్ల వెడల్పుగల ఈ మెల్లని సుడి నేలను తాకునంతటి సన్నని, కఠోరమైన గొట్టముగా ఎట్లు బిగియును? సుడి కేంద్రమునకు సన్నగిలినకొలది వేగము హెచ్చునన్నది భౌతికశాస్త్ర నియమము. కాని మేఘములోని సుడికిని నేలకును గల సంబంధమును కుదుర్చునది వానతో దిగు చల్లగాలి. ఆ చల్లగాలి మరీ చల్లనిదైనచో తేమగాలిని తెగగొట్టి టోర్నడోను పుట్టకమునుపే చంపును. అందువలననే తిరుగుచున్న మేఘములలో ఎక్కువభాగము టోర్నడోను కనకయే పోవుచున్నవి. పరిశీలకులు వాహనముల మీద రాడారులను ఎక్కించుకొని మైదానములలో ఏటేట తిరుగుచున్నది ఈ రహస్యము కొరకే. అట్టి రాడారు ఒకటి 1999 మే 3న ఓక్లహామా నగరపు శివార్లయందు గంటకు సుమారు 480 కిలోమీటర్ల వేగమును కొలిచినది. ఏ తుఫాను గోడయందును నిలుకడగాలి అంత వేగమునకు చేరలేదు. అయినను కొలతలందు టోర్నడో ఎంత చిన్నది! ఎల్‌రెనో వద్ద 2013 మే 31న లేచినది 4.2 కిలోమీటర్ల వెడల్పుతో వెడల్పున కెల్ల మొదటిదై నిలిచినది. సాధారణముగా దాని వెడల్పు కొన్నివందల మీటర్లకు మించదు, ఆయువు పది నిమిషములే. 1925 మార్చి 18న మిస్సోరీ, ఇల్లినాయ్, ఇండియానా రాష్ట్రముల మీదుగా మూడున్నర గంటలు సాగి, 350 కిలోమీటర్ల దారి తొక్కి, 695 మందిని బలిగొన్న టోర్నడో అసాధారణములలో అసాధారణము. ఆ దినమున వారికి ఏ హెచ్చరికయు అందలేదు. అందు ప్రకృతి తప్పు సగమే. జనులు భయభ్రాంతులగుదురను తలంపుతో ఆ దేశపు వాతావరణ ప్రకటనలయందు టోర్నడో అను మాటనే 1880ల చివరినుండి 1938 వరకు వాడనీయలేదు. అపాయమును పేరుపెట్టి చెప్పకుండుట ప్రజలకు చేసిన మేలని నమ్మిన ఆ అధికారుల బుద్ధిని నేనెట్లును సమర్థింపజాలను.

ఇచ్చట తెట్సుయా ఫుజిటాను తలపక పోరాదు. జపానున క్యూషూ దీవియందు పుట్టిన ఈ శాస్త్రజ్ఞుడు 1945లో అణుబాంబు పడిన నాగసాకి, హిరోషిమా పట్టణములకు పోయి, కూలినవానిని కమలినవానిని పరిశీలించి, వాని ఆనవాళ్ళనుబట్టి బాంబు ఎంత ఎత్తున పేలినదో లెక్కగట్టెను. 1953లో షికాగో విశ్వవిద్యాలయమునకు చేరి, టోర్నడో పోయిన ఊళ్ళ మీద విమానమున తిరుగుచు, కూలిన చెట్లను, ఎగిరిన కప్పులను, మొక్కజొన్న చేలలోని చారలను ఛాయాచిత్రములు తీసి, 1971లో నష్టమునుబట్టి టోర్నడో బలమును నిర్ణయించు కొలమానమును రచించెను. 1974 ఏప్రిల్ 3, 4 తేదీలలో 24 గంటలలో 148 టోర్నడోలు 13 రాష్ట్రములలో లేచినపుడు, ఆయన ఒకచోట చెట్లు సుడిచుట్టుటకు మారుగా ఒక నడిమినుండి నలుదిక్కులకును కూలియుండుట చూచి, తాను నాగసాకిలో చూచిన రూపు జ్ఞప్తికి రాగా, మేఘమునుండి గాలి నిలువునా కూలబడి నేలపై పరచుకొనుటయు కలదని ఊహించెను. మరుసటి ఏడు న్యూయార్కు వద్ద విమానమొకటి దిగుచు కూలుటకు అదే కారణమని చూపెను. తోటి శాస్త్రజ్ఞులు మొదట ఒప్పుకొనలేదు. అటుపిమ్మట ఆ జ్ఞానము వలన విమానాశ్రయములకు ప్రత్యేక రాడారులు వచ్చినవి. రెడ్‌ఫీల్డ్ మొదలిడిన చెట్ల సాక్ష్యము నూటయేబది ఏండ్లకు ఇట్లు ఫలించెను.

ఒకే సముద్రపు అంచున రెండింటి క్రౌర్యమును చూచిన దేశము బంగ్లాదేశ్. చైత్రవైశాఖములలో బంగాళాఖాతపు తేమగాలి మీదికి ఛోటానాగపూరు వైపునుండి పొడిగాలి కమ్ముటచేత, అమెరికా మైదానపు పరిస్థితియే చిన్నరూపమున అక్కడ ఏర్పడును. కాలవైశాఖి అని వంగదేశీయులు పిలుచు ఆ ఉరుముల గాలివానల నడుమ టోర్నడోలు పుట్టును. 1989 ఏప్రిల్ 26న దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతములను తాకినది సుమారు 1,300 మందిని చంపెను. లోకమున ఏ టోర్నడోయు ఇంతమందిని చంపలేదందురు. అదే దేశమున 1970 నవంబరు 12న వచ్చిన భోలా తుఫాను మూడు లక్షలకు తక్కువ కాని జనమును ముంచెను. ఈ రెండు సంఖ్యల నడిమి అంతరమును గాలివేగము చెప్పజాలదు. వేగమున టోర్నడోయే మిన్న. చంపినది నీరు. బంగాళాఖాతము ఉత్తరమునకు పోనుపోను సన్నగిలి, తీరమున లోతు తక్కువై యుండుటచేత, తుఫాను త్రోయు నీటికి పక్కలకు పోవ చోటు లేక, క్రిందికి దిగ లోతు లేక, ఉప్పెనయై నేల కెక్కును. బందరు 1864లో అట్లే 30,000 మందిని పోగొట్టుకొనెను. దివిసీమ 1977 నవంబరు 19న అట్లే మునిగెను. సర్కారు లెక్కకు సుమారు 10,000 మంది. ఆ తరువాత వారములకొలది ఆ లంకలలో సేవ చేసినవారి నోట విన్న మాటలను ఇచ్చట చెప్పుటకు నాకు గుండె చాలదు.

సుడి తిరుగు దిక్కును గూర్చి ఒక్కమాట. ఉత్తరార్ధగోళపు తుఫాను ఎల్లప్పుడును గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుట భూభ్రమణపు నేరు ఫలము. టోర్నడో మిక్కిలి చిన్నది, మిక్కిలి అల్పాయువు. భూభ్రమణము దానిని నేరుగా తాకదు. అదియు ఎక్కువగా ఆ దిక్కుననే తిరుగుటకు గాలులు ఎత్తుతోడ మారు వరుస కారణము. అప్పుడప్పుడు ఎదురు దిక్కున తిరుగునవియు కనబడుచుండును.

హెచ్చరికల విషయమున ఈ భేదము మనకు ఏమి నేర్పినదో చూతము. 1948 మార్చి 20న ఓక్లహామాలోని టింకర్ వైమానికస్థావరమును టోర్నడో కొట్టగా, దాని కారణములను వెదకుటకు నియమింపబడిన ఫాబుష్, మిల్లర్ అను అధికారులు, అయిదు దినములకే పటము మీద అవే లక్షణములు మరల కూడుట చూచి, మనసున సంకోచించుచునే హెచ్చరిక వ్రాసిరి. ఆ సాయంకాలమే రెండవ టోర్నడో అదే స్థావరమును కొట్టెను. కాని విమానములు అప్పటికే భద్రము చేయబడినవి. ఈనాడు డాప్లర్ రాడారులు ఉన్నను, ఒక నిర్దిష్టమైన ఊరికి దొరకు వ్యవధి పది, పదునైదు నిమిషములే. మేఘమునకే అంతకుమించి తన భవితవ్యము నిర్ణయమై యుండదు. తుఫాను అట్టిది కాదు. 1960లో తొలి వాతావరణ ఉపగ్రహము ఎగిరిన నాటినుండి, కడలిమీద పుట్టిన సుడి మానవుని కన్ను గప్పి రాజాలదు. అది తీరము చేరుటకు దినములు పట్టును. అట్టి దినములు ఉండియు 1977లో వేలమంది చచ్చిరి. 1990 మే నెలలో అదే కృష్ణా తీరమున ఇంచుమించు అంతటి తుఫానే వచ్చినపుడు, ముందుగా లక్షకు పైబడిన జనమును తరలించుటచేత మృతులు వేయికి లోపుగా నిలిచిరి. 1999లో ఒడిశా తీరమున సుమారు 10,000 మంది పోయిరి. 2013లో అక్కడనే ఫైలిన్ వచ్చినపుడు పది లక్షల మందిని లోపలికి తరలింపగా మృతులు పదులలోనే ఉండిరి. గాలి మారలేదు, సముద్రము మారలేదు; మారినది రాడారు గదికిని, ఊరి చివరి గుడిసెకును నడుమనున్న దారి. ఆ గుడిసెలోని మనుష్యుడు తన పశువును విడిచి కదలడు. పశువునకు కూడ చోటు చూపగలిగిననాడే ఆ దారి పూర్తియగును.

భూమి వేడెక్కుటచేత ఈ రెండింటికిని కలుగు గతి కూడ ఒకటి కాదు. ఒక డిగ్రీ వెచ్చబడిన గాలి సుమారు నూటికి ఏడు వంతులు అధికముగా ఆవిరిని మోయగలదు. కావున తుఫానుల వాన హెచ్చుచున్నది, వానిలో మిక్కిలి బలమైన వాని పాలు హెచ్చుచున్నది, పొంగిన సముద్రము మీద ఉప్పెన ఇంకను ఎత్తున నిలుచును. టోర్నడో లెక్క చిక్కైనది: వెచ్చని తేమ మేఘమునకు బలము నిచ్చును గాని, ధ్రువమునకును ఉష్ణమండలమునకును వేడి తారతమ్యము తగ్గినచో గాలి భేదము సన్నగిలవచ్చును. అమెరికాలో టోర్నడో లేచు దినములు తగ్గి, లేచిన దినమున గుంపులుగా లేచుట పెరిగినదనియు, వాని చోటు పడమటి మైదానములనుండి తూర్పుగా మిసిసిపీ ప్రాంతమునకు జరుగుచున్నదనియు అక్కడి లెక్కలు చూపుచున్నవి. ఆ తూర్పు ప్రాంతమున ఊళ్ళు దట్టము, అడవులు దట్టము, రాత్రివేళ వచ్చునవి ఎక్కువ. వచ్చునది కంటికి కనబడదు.

శరణు వెదకు పద్ధతులు సైతము పరస్పర విరుద్ధములు. దివిసీమ ఉప్పెన తరువాత మన తీరమున కట్టిన తుఫాను రక్షణభవనములు నీటికి అందకుండ పైకెత్తి కట్టినవి. జనము మేడమెట్లు ఎక్కి ప్రాణము దక్కించుకొందురు. ఓక్లహామా రైతు పెరటిలో నేలమాళిగ తవ్వుకొని, ఆకాశము పచ్చబారగానే పిల్లలతో క్రిందికి దిగును. ఈ రెండు ఆపదలు ఒకేసారి వచ్చు చోట్లు లేకపోలేదు. తుఫాను నేలకెక్కినపుడు క్రింది గాలి చెట్లకు, ఇండ్లకు తగిలి వేగము కోల్పోవును. పై గాలి ఆ వేగముననే సాగును. అంతవరకు సముద్రముపై లేని గాలిభేదము అప్పుడు పుట్టి, తుఫాను అంచులలోని మేఘములు టోర్నడోలను కనును. 1967లో బ్యూలా అను తుఫాను టెక్సస్ తీరమున నూటికి మించి టోర్నడోలను లేపెను. ఆ తీరమున రెండడుగులు తవ్విన నీరు పడును గనుక నేలమాళిగ కుదరదు. ఇంటి నడుమ కాంక్రీటు గోడల గది కట్టుకొందురు. ఉప్పెన వచ్చు వాడలలో ఆ గదియు పనికిరాదు, ముందే ఊరు విడువవలెను. విడిచి లోపలికి పోయినవారును ఆకాశమును చూచుచునే యుండవలెను. 2004 సెప్టెంబరు 16న ఐవన్ అను తుఫాను అలబామా తీరమును తాకెను. మరునాడు, అక్కడికి వందల కిలోమీటర్ల దూరమున, వర్జీనియా రాష్ట్రపు కొండల దాపున, ఉప్పెన మాట ఎరుగని పల్లెలలో, అదే తుఫాను శిథిలములనుండి ఒక్కదినమున నలుబదివరకు టోర్నడోలు లేచినవి. అక్కడి వాతావరణ కార్యాలయములు తుఫాను తీరము దాటిన గంటలలోను టోర్నడో కాపలాను విడువక కొనసాగించుచున్నవి.